"పైకొచ్చారా?" అని అడగడం మానేద్దాం

కాలేజీ ఊళ్ళో పుట్టే చిన్న చిన్న ఇండీ బ్యాండ్ల (పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా వాయించుకునేవాళ్ళ) వెంట ఏళ్ళ తరబడి తిరుగుతున్నానని చెబితే, అవతలివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "వాళ్ళలో ఎవరైనా పైకొచ్చారా?" అడగడంలో వాళ్ళ తప్పేం లేదు. సంగీతం గురించి మన దాకా వచ్చే కథలన్నీ గ్యారేజీలో మొదలై స్టేడియంలో తేలతాయి. మధ్యలో ఆగిపోయినవాటిని కథలుగా ఎవరూ చెప్పరు. ఆ లెక్కన నేను విన్న బ్యాండ్లు దాదాపు అన్నీ ఓడిపోయినట్టే. ఒకళ్ళకి డిగ్రీ అయిపోయింది, ఇంకొకళ్ళకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, మిగిలిన ఇద్దరూ కొత్త బేసిస్ట్ (బేస్ గిటారు వాయించే మనిషి) కోసం కొన్నాళ్ళు వెతికి వదిలేశారు. ఆ బ్యాండ్ పేరు కూడా ఇప్పుడు చాలామందికి గుర్తుండదు.

నాకు మాత్రం ఆ ప్రశ్నే సరైంది కాదనిపిస్తుంది. ఒక కాలేజీ ఊరి సంగీతాన్ని అది బయటికి పంపిన స్టార్లను బట్టి కొలిచామంటే, ఆ సంగీతం ఊరివాళ్ళ కోసం కాదనీ, ఎక్కడో ఉన్న మన కోసమనీ ముందే తీర్మానించుకున్నట్టు. ఏ విశేషమూ లేని మంగళవారం రాత్రి ఆ ఊళ్ళో ఏం వినపడుతోంది? వాయించుకోవడానికి చోటు ఎవరిస్తున్నారు? ఆ చోటుకి ఎవరు రాగలుగుతున్నారు, ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు? చూడాల్సింది ఇదీ.

ఈ మాట అనగానే ఎవరో ఒకరు ఏథెన్స్ పేరెత్తుతారు. గ్రీసులోది కాదు, అమెరికాలో జార్జియా రాష్ట్రంలో యూనివర్సిటీ ఉన్న ఊరు. ఆర్‌.ఇ.ఎం. అనే రాక్ బ్యాండ్ పుట్టిన ఊరు. దాని గాయకుడు మైకేల్ స్టైప్ అక్కడ విద్యార్థి, గిటారిస్ట్ పీటర్ బక్ రికార్డుల షాపులో పని చేసేవాడు, ఇద్దరికీ ఆ షాపులోనే పరిచయం. 1980 ఏప్రిల్ 5న, తాము ఉంటున్న పాత చర్చి కట్టడంలో, ఒక స్నేహితురాలి పుట్టినరోజు పార్టీకి ఈ బ్యాండ్ మొదటిసారి వాయించింది. 2011లో తమంతట తాము ఆపేసేనాటికి ప్రపంచమంతా తెలిసిన బ్యాండ్. "చూశావా, చిన్న ఊరి నుంచి ఎంత ఎత్తుకి వెళ్ళారో!" అంటారు.

నేను చెప్పేది కూడా ఏథెన్స్ గురించే, కాకపోతే పైలాన్ అనే ఇంకో బ్యాండ్ గురించి. దానికి ముందు ఇంకొకళ్ళున్నారు. ఆ చర్చి పార్టీకి మూడేళ్ళ ముందు, 1977 ప్రేమికుల రోజున, అదే ఊళ్ళో ఒక ఇంటి పార్టీలో బి-52స్ అనే ఐదుగురు మొదటిసారి వాయించారు. కొంతకాలానికి వాళ్ళు న్యూయార్క్ వెళ్ళి పేరు తెచ్చుకున్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక ఊళ్ళో మిగిలింది మనమూ చేయొచ్చన్న ధైర్యం. 1978లో కర్టిస్ క్రో అనే కుర్రాడు తను ఉంటున్న పాత భవనం పై అంతస్తులో పార్టీలు మొదలుపెట్టాడు. వెలుతురుకి ఉన్నది ఒకే ఒక్క 40 వాట్ల బల్బు. ఆ బల్బు పేరే తర్వాత ఆ ఊరి ప్రసిద్ధ క్లబ్‌కి వచ్చింది, ఆ పేరుతోనే అది ఇప్పటికీ ఉంది. ఆ క్రో డ్రమ్స్ వాయించిందే పైలాన్‌లో. 1979లో ఆర్ట్ చదువుకునే పిల్లలు మొదలుపెట్టిన బ్యాండ్ అది. వాయిద్యాలు బాగా వచ్చినవాళ్ళు కూడా కాదు. న్యూయార్క్‌లో ఒకసారి వాయించాలి, అక్కడి 'న్యూయార్క్ రాకర్' పత్రికలో తమ గురించి రావాలి, తర్వాత విడిపోవాలి. మొదట అనుకున్నది అంతే. పత్రికలో వచ్చింది. ఇంకా బాగానే ఉంది కదా అని ఇంకొన్నేళ్ళు కొనసాగారు. 1983లో, పెద్ద పెద్ద బ్యాండ్ల ముందు వాయించే అవకాశాలు వస్తున్న రోజుల్లోనే, ఇక ఇందులో సరదా లేదని ఆపేశారు.

1987లో ఒక పెద్ద సంగీత పత్రిక ఆర్‌.ఇ.ఎం.ను అమెరికాలోకెల్లా గొప్ప రాక్ బ్యాండ్ అని ముఖచిత్రం మీద వేసింది. ఆ బ్యాండ్ డ్రమ్మర్ బిల్ బెర్రీ ఆ పేరు తమకు కాదు, పైలాన్‌కి చెందాలన్నాడు. వినయం కోసం అన్నాడని కొందరంటారు. నేను అలా అనుకోను. ఆర్‌.ఇ.ఎం. వాయించే నాటికి ఊళ్ళో గది ఉంది, ఆ గదికి రావడం అలవాటైన జనం ఉన్నారు, వింతగా వాయిస్తే ఎగతాళి చేయకుండా డాన్స్ చేసే స్నేహితులున్నారు. ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో బెర్రీకి తెలుసు. "పైకొచ్చారా?" అనే ప్రశ్న వేస్తే పైలాన్ అనే సమాధానం ఎప్పటికీ రాదు. అందుకే ఆ ప్రశ్న మీద నాకు నమ్మకం లేదు.

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌ది కూడా ఇలాంటి కథే. ఆ దేశంలో అన్నిటికంటే పాత యూనివర్సిటీ ఉన్నది ఆ ఊళ్ళోనే, 1869 నాటిది. 1981లో క్రైస్ట్‌చర్చ్‌లో రికార్డుల షాపు మేనేజర్ రోజర్ షెపర్డ్ ఫ్లయింగ్ నన్ అనే లేబుల్ (రికార్డులు తెచ్చే సంస్థ) పెట్టాడు. మరుసటి ఏడాది డునెడిన్‌కి చెందిన నాలుగు బ్యాండ్లను కలిపి ఒకే డబుల్ రికార్డుగా తెచ్చాడు. ఒక్కో బ్యాండ్‌కి ఒక్కో వైపు. సంగీతకారుడు క్రిస్ నాక్స్ దగ్గరున్న నాలుగు ట్రాకుల టేపు యంత్రం మీద రికార్డ్ చేశారు. ఆ నాలుగింటిలో ది చిల్స్ పేరు సముద్రాలు దాటింది, ది స్టోన్స్ (రోలింగ్ స్టోన్స్ కాదు) తొందరలోనే ఆగిపోయింది. రికార్డు మీద మాత్రం ఇద్దరికీ సమానంగా ఒక్కో వైపు. నలుగురిలో ఎవరు ఎదుగుతారో చూసి వాళ్ళకే డబ్బు పెడదామని లేబుల్ ఆగి ఉంటే అసలు ఆ రికార్డే ఉండేది కాదు.

కాలేజీ ఊరి బ్యాండ్‌కి ఆయుష్షు మూడు నాలుగేళ్ళు. డిగ్రీ ఎన్నాళ్ళో బ్యాండూ అన్నాళ్ళే. దీన్ని అందరూ విషాదంగా చెబుతారు. నాకు ఇది ఒక పద్ధతిలా కనిపిస్తుంది. రేపు వృత్తి అవుతుందన్న ఆశ లేనప్పుడు మనిషి వేరేగా వాయిస్తాడు. రేడియోకి పట్టని పొడుగు పాట కడతాడు. ట్యూనింగ్ మార్చి మార్చి జనాన్ని విసిగిస్తాడు కూడా, అది వేరే సంగతి.

ఇల్లినాయ్ యూనివర్సిటీ ఉన్న అర్బానా, షాంపేన్ జంట ఊళ్ళ నుంచి వచ్చిన అమెరికన్ ఫుట్‌బాల్ అనే బ్యాండ్ దీనికి మంచి ఉదాహరణ. 1997లో మొదలైంది. 1999లో బ్యాండ్ పేరుతోనే ఒక ఆల్బమ్ వచ్చింది. అది వచ్చేసరికే కుర్రాళ్ళ చదువులు అయిపోయాయి, బ్యాండ్ కూడా అయిపోయింది. అట్ట మీద అర్బానాలోని ఒక ఇంటి ఫోటో. తర్వాత ఏళ్ళ తరబడి ఆ ఆల్బమ్ చేతులు మారుతూ మారుతూ ప్రపంచం నలుమూలలకీ చేరింది. 2014లో వాళ్ళు మళ్ళీ కలిశారు. ఆ ఇంటి ముందు ఫోటో దిగడానికి జనం ఎక్కడెక్కణ్ణుంచో వస్తారు. 2023లో వాళ్ళ లేబుల్ పాలీవినైల్, బ్యాండ్, ఇంకొందరు కలిసి ఆ ఇంటిని కొనేశారు కూడా. "చివరికి పైకొచ్చారుగా!" అని మీరనొచ్చు. నిజమే. కానీ ఆ ఆల్బమ్‌లో మనిషిని పట్టుకునేది సరిగ్గా ఆ వీడ్కోలు స్వరమే. ఇంకెప్పుడూ కలిసి వాయించమని తెలిసినవాళ్ళు, వేసవి సెలవుల ముందు రికార్డ్ చేసినట్టుంటుంది. కెరీర్ గురించి ఆలోచించి ఉంటే ఆ స్వరం అలా ఉండేది కాదని నా అభిప్రాయం.

బ్యాండ్లు పోతే మరి ఊళ్ళో ఏం మిగులుతుంది? ముందుగా డ్రమ్మర్లు. గిటారు మంచం కింద పెట్టుకోవచ్చు. డ్రమ్స్ అలా కుదరదు. చోటు కావాలి, బండి కావాలి, తిట్టని పొరుగువాళ్ళు కావాలి. ఈ మూడూ ఉన్నవాళ్ళు ఊళ్ళో కొద్దిమందే ఉంటారు కాబట్టి ఒక్కో డ్రమ్మర్ నాలుగైదు బ్యాండ్లలో కనిపిస్తాడు. ఒక్కోసారి ఒకే రాత్రి రెండు బ్యాండ్లతో, మధ్యలో చొక్కా మార్చుకుని. ఒక ఊరి సంగీతానికి ఒక ప్రత్యేకమైన లయ ఉందని విమర్శకులు రాస్తే నాకు నవ్వొస్తుంది. చాలాసార్లు దాని వెనకున్నది ఒక్క మనిషి మణికట్టు.

తర్వాత సౌండ్ చూసే మనిషి. విద్యార్థి కాదు, ఎప్పుడో విద్యార్థిగా వచ్చి ఊరు వదల్లేకపోయిన మనిషి. ఆ గదిలో ఏ మూల బేస్ గుమిగూడుతుందో, పైకప్పు తక్కువ కాబట్టి డ్రమ్స్ తాళాల మోత గాయని మైకులోకి ఎలా దూరుతుందో ఆ మనిషికే తెలుసు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఆంప్లిఫయర్ మొత్తం తిప్పేస్తే, విసుక్కోకుండా "దాన్ని కొంచెం నీ వైపు తిప్పి తగ్గించు, నీకూ బాగా వినిపిస్తుంది" అని చెప్పేది ఆయనే. ఏడాదికేడాది కొత్త పిల్లలకి అదే పాఠం. ఆయన పేరు ఏ ఆల్బమ్ అట్ట మీదా ఉండదు. ఆయన ఊరు మారితే మాత్రం అన్ని బ్యాండ్ల సౌండూ పాడవుతుంది.

నాకు ఇష్టమైన కాలం వేసవి. విద్యార్థులంతా వెళ్ళిపోయాక, ఊరు సగం ఖాళీ అయ్యాక, ఇక ఏమీ ఉండదనుకుంటారు చాలామంది. అప్పుడే ఊరివాళ్ళ బ్యాండ్లు బయటికొస్తాయి. పగలు బడిలో పాఠాలు చెప్పేవాళ్ళు, వంటవాళ్ళు, లైబ్రరీలో పని చేసేవాళ్ళు. పాటలు నెమ్మదిగా ఉంటాయి, పాటకీ పాటకీ మధ్య కబుర్లు ఎక్కువ. హడావుడి లేదు. వినడానికి వచ్చినవాళ్ళలో సగం మంది తర్వాత వాయించబోయేవాళ్ళే.

ఇంతకీ అసలు ఎందుకు వెళ్తానంటే, పాట తయారవడం చూడటానికి. లోకల్ బ్యాండ్‌కి సపోర్ట్ చేయాలని వెళ్తామనేవాళ్ళంటే నాకు కొంచెం చిరాకు. అదేదో చందా ఇచ్చినట్టు మాట్లాడతారు. బాగా లేనిదాన్ని జాలితో వినడం వాయించేవాళ్ళకి అవమానం, వినేవాళ్ళకి శిక్ష. నేను దానికోసం పోను. రికార్డులో మనకి దొరికేది పాట చివరి రూపం ఒక్కటే. అదే బ్యాండ్‌ని ఒక చిన్న ఊళ్ళో నెలకోసారి చూస్తుంటే పాట పెరగడం కళ్ళముందే జరుగుతుంది.

ఉదాహరణకి, ఒక పాటని నేను దాదాపు ఏడాది పాటు వింటూ వచ్చాను. మొదటిసారి విన్నప్పుడు అది ఆరు నిమిషాలు. మధ్యలో గిటారు సోలో ఒకటి ఉండేది, వాయించే కుర్రాడికి తప్ప గదిలో ఎవరికీ అవసరం లేనిది. రెండో చరణానికి మాటలు లేవు, గాయని ఏవో అక్షరాలు మూలుగుతూ నెట్టుకొచ్చింది. తర్వాతి షోలో సోలో సగమైంది. ఆ తర్వాత పూర్తిగా మాయమైంది, ఆ చోటులో నాలుగు మాత్రల నిశ్శబ్దం వచ్చింది. ఆ నిశ్శబ్దంలో జనం చప్పట్లు కొట్టేశారు, పాట అయిపోయిందనుకుని. బ్యాండ్ కంగారు పడింది. ఆ తర్వాతి షోకి ఆ కంగారునే పాటలో పెట్టేసుకున్నారు. చప్పట్లు మొదలవగానే డ్రమ్మర్ ఒక్క దెబ్బ కొట్టేవాడు, గదంతా నవ్వేది. ఈలోగా బేసిస్ట్ మారింది. కొత్తమ్మాయి సగం స్వరాలే వాయించేది, దాంతో మాటలు వినపడటం మొదలైంది. మాటలు వినపడుతున్నాయని తెలిశాక గాయని రెండో చరణం రాసింది. మంచి చరణం. చివరికి దాన్ని రికార్డ్ చేసినప్పుడు మూడున్నర నిమిషాల చక్కటి పాట వచ్చింది. రికార్డ్ మాత్రమే విన్నవాళ్ళకి ఆ నిశ్శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చిందో, అందులో మా చప్పట్ల వాటా ఎంతో తెలిసే దారి లేదు.

ఇందులో వినేవాళ్ళకీ పనుంది. నలభై మంది ఉన్న గదిలో ఇరవై మంది ఫోన్లు చూసుకుంటే అది వేదిక మీదికి తెలిసిపోతుంది. ఒక పాట మధ్యలో జనం మెల్లగా వెనక్కి జరిగితే ఆ పాట తర్వాతి షోలో ఉండదు. స్టేడియంలో మీరు వచ్చినా రాకపోయినా పాట ఒకటే. ఇక్కడ అలా కాదు. అందుకే మొదటి బ్యాండ్‌కే వెళ్ళమని నేను గట్టిగా చెబుతాను. పోస్టర్‌లో అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న బ్యాండ్ ఎప్పుడూ ఖాళీ గదికే వాయిస్తే అది ఎప్పటికీ అక్కడే ఉంటుంది. (వెళ్ళేటప్పుడు చెవులకి ప్లగ్స్ పెట్టుకోండి. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి ఎనిమిది గంటలు మించొద్దని, పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుందని పని ప్రదేశాల భద్రత చూసే అమెరికా సంస్థ నయోష్ సిఫార్సు. అంటే 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. తక్కువ పైకప్పున్న చిన్న గదిలో డ్రమ్స్ పక్కన అది పెద్ద అంకె కాదు. ప్లగ్స్ పెట్టుకుంటే కూల్ కాదనుకునే వయసు నాకు దాటిపోయింది.)

గుమ్మం దగ్గర ఆగిపోయేవాళ్ళ గురించి అన్నాను కదా. అమెరికాలో మందు కొనే వయసు 21. ఆ వయసు పెట్టని రాష్ట్రాలకి హైవే నిధుల్లో కోత పడుతుందని 1984లో కేంద్రం చట్టం చేసింది, అన్ని రాష్ట్రాలూ ఒకదాని వెనక ఒకటి దారికొచ్చాయి. సంగీతానికీ దానికీ సంబంధమేమిటంటే, చిన్న బ్యాండ్లు వాయించే చోట్లు ఎక్కువగా బార్లు. పద్దెనిమిదేళ్ళకు కాలేజీలో చేరిన పిల్లకి చదువు సగం పైగా అయ్యేదాకా తన క్లాస్‌మేట్ బ్యాండ్‌ని చూసే వీలు చాలా చోట్ల ఉండదు. వాయించే క్లాస్‌మేట్‌ని కూడా కొన్ని బార్లు తన వంతు వచ్చేదాకా బయటే నిలబెడతాయి.

అందుకే హౌస్ షోలు. అద్దె ఇంటి బేస్‌మెంట్, వాషింగ్ మెషీన్ పక్కన డ్రమ్స్, కిటికీకి అడ్డంగా పరుపు, ఎవరినో బతిమాలి తెచ్చిన స్పీకర్లు. గొంతు సరిగ్గా వినపడదు. పోస్టర్ మీద అడ్రస్ ఉండదు, "అడ్రస్ కోసం ఒక పంక్‌ని అడగండి" అని ఉంటుంది. పంక్ అంటే ఈ తరహా సంగీతం చుట్టూ తిరిగే మనిషి. పోలీసులు చదివినా పనికిరాకుండా. బకెట్ తిప్పుతారు, అందులో పడ్డ డబ్బు ముందు వేరే ఊరి నుంచి వచ్చిన బ్యాండ్‌కి, వాళ్ళ పెట్రోలుకి. ఊరి బ్యాండ్లు తమ వాటా వదులుకోవడం మర్యాద. ఎవరు ఎప్పుడు వాయించాలన్నదానికి కూడా ఒక లెక్కుంది. ఊరి బ్యాండ్ కోసం వచ్చిన స్నేహితులు ఆ బ్యాండ్ అయిపోగానే బయటికి జారుకుంటారు. కాబట్టి ఊళ్ళో బాగా జనాన్ని లాగే బ్యాండ్‌ని చివర్లో పెట్టి, బయటివాళ్ళని దానికి ముందు ఇరికిస్తారు. ఎక్కడో రాసి ఉన్న రూల్ కాదు, నిర్వాహకులు ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్న తెలివి.

ఈ హౌస్ షోలని నేను నెత్తిన పెట్టుకోను. అవి ఎవరికి తెలుస్తాయి? పంక్‌లు తెలిసినవాళ్ళకి. కొత్తగా వచ్చిన, వేరే భాష మాట్లాడే, గోడకి ఆనుకుని ఒంటరిగా నిలబడే మనిషికి ఆ అడ్రస్ ఎవరు చెబుతారు? నేను ఆ గోడ దగ్గర చాలా కాలమే నిలబడ్డాను. అందరూ సమానమే అని పోస్టర్ల మీద రాసుకునే ఇలాంటి చోట్ల కూడా ముందు వరసలో పొడుగాటి మగపిల్లలే ఉంటారు, వేదిక మీదా వాళ్ళే. ఇది దానంతట అదే మారదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపియాలో 1991 ఆగస్టులో కె రికార్డ్స్ అనే లేబుల్ వాళ్ళు పెట్టిన సంగీతోత్సవంలో మొదటి రాత్రి మొత్తాన్నీ అమ్మాయిల బ్యాండ్లకే కేటాయించారు. బికినీ కిల్ బ్యాండ్ గాయని క్యాథలీన్ హానా తమ షోలలో అమ్మాయిలని ముందుకు రమ్మని పిలిచేది, మగవాళ్ళని వెనక్కి జరగమనేది. కొందరికి కోపాలొచ్చాయి. రానివ్వండి. వెనక్కి జరిగితే పాట వినపడకుండా పోదు.

ఒలింపియా పేరొచ్చింది కాబట్టి రేడియో గురించి. అక్కడి ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజీ రేడియో కేఏఓఎస్ తను వేసే పాటల్లో ఎక్కువ భాగం స్వతంత్ర లేబుళ్ళవే ఉండాలని 1970ల్లోనే నియమం పెట్టుకుంది. ఆ చిన్న నియమం చుట్టూ ఎంత పెరిగిందో చూడండి. అక్కడ కార్యక్రమాలు చేసిన కాల్విన్ జాన్సన్ 1982లో కె రికార్డ్స్ పెట్టాడు. అదే కాలేజీలో చదివిన బ్రూస్ పావిట్ 1980లో మొదలుపెట్టిన చిన్న పత్రికే తర్వాత సియాటిల్ వెళ్ళి సబ్ పాప్ లేబుల్ అయింది. నార్త్ కరోలినాలో చాపెల్ హిల్ విద్యార్థుల రేడియో డబ్ల్యూఎక్స్‌వైసీ 1994 నవంబరులోనే ఇంటర్నెట్‌లో ప్రసారం మొదలుపెట్టింది, ప్రపంచంలో అలా చేసిన మొదటి స్టేషన్లలో ఒకటి. ఆ ఊరి చుట్టుపక్కలే 1989లో సూపర్‌చంక్ బ్యాండ్‌లోని ఇద్దరు, మాక్ మెకాహన్, లారా బాలన్స్, తమ పాటలూ స్నేహితుల పాటలూ తెచ్చుకోవడానికి మెర్జ్ అనే లేబుల్ పెట్టుకున్నారు. 2011లో గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ ఆ లేబుల్ తెచ్చిన ఆర్కేడ్ ఫైర్ ఆల్బమ్‌కి వచ్చింది.

ఆ 2011లోనే ఇంకొకటి జరిగింది. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ తమ విద్యార్థుల రేడియో కేటీఆర్‌యూ ఎఫ్‌ఎం ఫ్రీక్వెన్సీని 95 లక్షల డాలర్లకి అమ్మేసింది. అదే ఏడాది నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ విద్యార్థుల స్టేషన్ డబ్ల్యూఆర్‌వీయూ కూడా గాలిలోంచి మాయమైంది. ఈ రోజుల్లో రేడియో ఎవరు వింటారు, అంతా నెట్‌లోనే కదా అన్నది వాదన. పిల్లలు ధర్నాలు చేశారు, పిటిషన్లు పెట్టారు, అమ్మకాలు ఆగలేదు. కేటీఆర్‌యూ 2015లో తక్కువ శక్తి ఉన్న చిన్న స్టేషన్‌గా మళ్ళీ గాలిలోకి వచ్చింది, అది వేరే పోరాటం. ఆస్తి పుస్తకంలో ఫ్రీక్వెన్సీకి ధర కట్టొచ్చు. రాత్రి రెండింటికి, వారం క్రితం బేస్‌మెంట్‌లో రికార్డ్ చేసిన పాటని ఎవరి అనుమతీ అడక్కుండా వేసే పందొమ్మిదేళ్ళ పిల్లకి ఏ కాలమ్‌లో ధర రాస్తారు?

స్ట్రీమింగ్ ఆ పని చేస్తుందనేవాళ్ళకి ఒక అంకె చెబుతాను. 2024 నుంచి స్పాటిఫై ఒక నియమం తెచ్చింది: గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకి రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకి రాదు. వెయ్యి పెద్ద సంఖ్య కాదు కదా అనిపిస్తుంది. ఒక చిన్న ఊళ్ళో వంద మంది ప్రాణంగా ప్రేమించి, ఒక్కొక్కళ్ళు తొమ్మిదిసార్లు వింటే 900. వాళ్ళ లెక్కలో ఆ పాట సున్నా. వంద మంది ప్రేమించే పాట సున్నా అయ్యే లెక్కతో ఊరి సంగీతాన్ని కొలవలేం. పైగా ఆ యంత్రం నాకు పాటలు చూపించేది నా అభిరుచిని బట్టి. నాలుగు వీధుల అవతల ఈ రాత్రి ఎవరో వాయిస్తున్నారన్న సంగతి దానికి పట్టదు. బ్యాండ్లు తమ పాటల్ని నేరుగా అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్ కొంత నయం. ఊరి పేరుతో వెతకొచ్చు, డిజిటల్ అమ్మకాల మీద అది తీసుకునేది మామూలుగా 15 శాతం, మిగతాదాంట్లో చెల్లింపు ఖర్చులు పోగా బ్యాండ్‌కే. అన్నిటికంటే నయం షో అయ్యాక బ్యాండ్ తన సరుకు అమ్ముకునే మర్చ్ టేబుల్ దగ్గర క్యాసెట్ కొనడం. మీ ఇంట్లో క్యాసెట్ ప్లేయర్ లేకపోయినా పర్లేదు, నా దగ్గరా చాలా కాలం లేదు.

ఈ మొత్తంలో నన్ను నిజంగా భయపెట్టేది బ్యాండ్లు విడిపోవడం కాదు, అద్దెలు. పాత ఇళ్ళు కూలగొట్టి వాటి చోట విద్యార్థుల కోసమని ఖరీదైన అపార్ట్‌మెంట్లు కడితే, బేస్‌మెంట్ పోతుంది, పార్ట్ టైమ్ ఉద్యోగంతో ఊళ్ళో ఉండిపోగలిగిన ఆ సౌండ్ మనిషి పోతాడు, నలుగురికి వాయించే డ్రమ్మర్ పోతాడు. కొత్త అపార్ట్‌మెంట్ లాబీలో గోడ మీద గిటారు బొమ్మలు మాత్రం వేస్తారు, ఇక్కడి సంగీత చరిత్రకి గౌరవంగా. పెద్ద బ్యాండ్ల పేర్లు చెప్పుకుని ఊరికి టూరిస్టులని రప్పించే అధికారులు, రాత్రి పది దాటితే చిన్న గదుల మీద కేసులు పెట్టడం కూడా ఇలాంటిదే. పేరున్నవాళ్ళ వల్లే ఊరికి విలువ అని నమ్మితే ఇలాంటి నిర్ణయాలే వస్తాయి. నా గొడవంతా అందుకే.

చివరగా బ్యాండ్ల పిల్లలకి చిన్న విన్నపం. ఇలాంటి సంగీతానికి చరిత్ర రాయడం ఎంత కష్టమో తర్వాత వచ్చినవాళ్ళకి తెలుస్తుంది. యూనివర్సిటీ ఆఫ్ జార్జియా లైబ్రరీ ఏథెన్స్ సంగీతకారుల జ్ఞాపకాలని ఇంటర్వ్యూలుగా రికార్డ్ చేసి దాచిపెడుతోంది. అన్ని ఊళ్ళకీ ఆ అదృష్టం లేదు. చాలా చోట్ల మిగిలేవి స్తంభాల మీంచి పీకి తెచ్చుకున్న పోస్టర్లే. నా దగ్గర ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. వారం రాసి ఉంటుంది, తేదీ ఉంటుంది, టైమ్ ఉంటుంది, ఏ బ్యాండ్ తర్వాత ఏ బ్యాండో ఉంటుంది, అందంగా చేత్తో వేసిన నక్క బొమ్మ కూడా ఉంటుంది. సంవత్సరం మాత్రం ఒక్కదాని మీదా ఉండదు. శుక్రవారం, 14 అని ఉంటే అది ఏ ఏడాదో తేల్చడానికి పాత క్యాలెండర్లు ముందేసుకుని, ఆ డ్రమ్మర్ అప్పటికి ఏయే బ్యాండ్లలో ఉన్నాడో గుర్తు చేసుకుంటూ కూర్చోవాల్సి వస్తోంది. దయచేసి, ఓ మూల చిన్నగా అయినా సరే, సంవత్సరం కూడా వేయండి.